కాలికి తిమ్మిరి యెక్కినప్పుడు

చింతచెట్టు నీడను నలుగురు పిల్లలు గోలీలాడుచున్నారు. ఆటలో మునిగినవారికి కాలము తెలియదు. గొంతుకూర్చున్నవారు గొంతుకూర్చున్నట్లే యుండి, గురి చూచుచు, తగవులాడుచు అరగంట గడపిరి. ఇంతలో బడిగంట మ్రోగినది. ముగ్గురు లేచి పరుగెత్తిరి. నాలుగవవాడు లేచెను గాని అడుగు పడలేదు. కుడికాలు తనది కానట్లున్నది. నేలపై మోపినను నేల తగులుట తెలియలేదు. రెండవ అడుగు వేయబోయి, చీలమండ మెలికపడి, చతికిలబడెను. "నా కాలికి తిమ్మిరి యెక్కినదిరా!" అని వాడరచుచుండగా తక్కినవారు నవ్విరి. కొంతసేపటికి ఆ కాలిలో చీమలబారు ప్రాకినట్లును, సూదులు గ్రుచ్చినట్లును తోచెను. పిమ్మట అంతయు సర్దుకొన్నది. కాని చీలమండ వాపు మాత్రము వారము దినములు తగ్గలేదు.

ఇట్టి యనుభవము నెరుగనివారు మనలో నుండరు. పంక్తిలో చాలసేపు కూర్చుండి భుజించినవారికిని, హరికథ ముగియువరకు బాసింపట్టు విడువనివారికిని, చేనిలో గొంతుకూర్చుండి కలుపు తీయువారికిని ఇది తెలిసినదే. కారణ మడిగినచో "రక్తము ఆడలేదు" అని వెంటనే చెప్పుదురు. ఈ సమాధానము తప్పు కాదు. కాని రక్తము ఆడనిది దేనికి? చర్మమునకా, కండలకా, లేక వేరొకదానికా? ఈ ప్రశ్నకు సమాధానము కొరకు వైద్యులు తమ చేతులకే పట్టీలు బిగించుకొని కూర్చుండవలసి వచ్చినది.

ఆ సంగతికి ముందు ఒక మాటను తేటపరచుకొందము. మన వాడుకలో "నరము" అను పేరు రక్తము పారు గొట్టములకును, కండను ఎముకకు బిగించు త్రాళ్ళకును, స్పర్శను మోయు తంతువులకును కలిపి చెల్లుచున్నది. ముంజేతిపై నీలముగా కనబడునది సిర. అందు పారునది రక్తము. స్పర్శను మోయునది నాడి. వైద్యుడు మణికట్టు పట్టి చూచు "నాడి" మరల వేరు. అది ధమని కొట్టుకొనుట. ఈ పాఠములో నాడి యనగా శరీరభాగములకును వెన్నుపామునకును నడుమ వార్తలు చేరవేయు తెల్లని త్రాడు అని మాత్రమే గ్రహింపవలెను.

మన శరీరములోని నాడులలో నెల్ల లావైనది నడుమునుండి బయలుదేరి, పిరుదుల వెనుకగా తొడలోనికి దిగును. మోకాలికి కొంచెము పైగా అది రెండు పాయలగును. ఒక పాయ పిక్క లోతులోనికి పోయి అరికాలికి చేరును. దానికి కండల కాపు కలదు. రెండవదానికి అట్టి కాపు లేదు. అది మోకాలి వెలుపలి ప్రక్కకు వచ్చి, బహిర్జంఘిక యను సన్నని ఎముక మెడను చుట్టుకొని కాలి ముందువైపునకు తిరుగును. ఆ మలుపులో దానిపై చర్మమును, చర్మము క్రింది పలుచని క్రొవ్వును తప్ప దాదాపు వేరేమియు లేదు. మీ మోకాలి వెలుపల, కొంచెము దిగువను వ్రేలితో తడవి చూడుడు. గుండ్రని ఎముక బొడిపె యొకటి తగులును. దాని క్రిందుగా వ్రేలిని మెల్లగా దొర్లించినచో సన్నని త్రాడువంటిది జారుట కొందరికి తెలియును. అదియే ఆ నాడి. పాదమును పైకెత్తు కండలును, కాలివ్రేళ్ళను పైకి లాగు కండలును దీని యాజ్ఞకు లోబడినవి. పాదము పైభాగమున ఈగ వాలినచో మనకు తెలియుట దీనివలననే.

గొంతుకూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకొనును. శరీరపు బరువుతో తొడ వచ్చి పిక్కను అదుమును. తొడ వెనుకనుండి వచ్చు కండర రజ్జువును, పిక్క కండయు, ఎముక బొడిపెయు ఒకదానికొకటి చేరువగును. వాని సందున ఆ నాడి చిక్కుపడును. నాడికిని ఆహారము కావలెను. వెండ్రుకకంటె సన్నని రక్తనాళములు దాని లోపలను, పైనను అల్లుకొని ప్రాణవాయువు నందించుచుండును. నాడిపై ఒత్తిడి పడినప్పుడు ఈ సన్నని నాళములు అణగి మూసికొనును. పాదమునకు రక్తము పోవుచున్నను, దారిలో నాడికి చాలకపోవచ్చును.

ఇట్లని నిర్ణయించుటకు తోడ్పడినవారిలో ముఖ్యుడు లండను నగరపు వైద్యశాస్త్రజ్ఞుడు టామస్ లూయిస్. ఆయనయు, సహచరులును 1931 లో తమ పరిశోధనను ప్రకటించిరి. వారు చేసినది చూచుటకు చాల సులభమైన పని. రక్తపుపోటును కొలుచు పట్టీని దండచేతికి చుట్టి, గాలి నింపి, ఆ చేతికి రక్తము పోకుండ ఆపివేసిరి. పదునైదు ఇరువది నిమిషములు గడచునప్పటికి వ్రేళ్ళ కొనలలో స్పర్శ తగ్గసాగెను. ఆ మొద్దుతనము కొనలనుండి అరచేతికిని, అటనుండి పైకిని మెల్లగా ప్రాకెను. దూదితో తాకిన తెలియలేదు. గ్రుచ్చిన నొప్పి మాత్రము చాలసేపు తెలియుచునే యుండెను. వ్రేళ్ళలోని చర్మము రక్తము లేక మొద్దువారుట కాదనియు, పైనున్న నాడియే రక్తము లేక వార్తను మోయలేకపోయినదనియు వారు తేల్చిరి. కాలువ నడుమ గండి పడినచో ఎండునది చివరి మడియే కదా! మడిలో దోషమేమియు లేదు. అట్లే తిమ్మిరి తెలియునది పాదములో. దానికి మూలము మోకాలి ప్రక్కను.

ఐనచో తాకుడు ముందుగా పోయి నొప్పి చివరకు నిలుచుటకు హేతువేమి? నాడి యనునది ఒంటితీగ కాదు. అది వేలకొలది తంతువుల మోపు. వానిలో కొన్ని లావు, కొన్ని సన్నము. లావైనవానికి మయలిను అను క్రొవ్వు తొడుగు దట్టముగా నుండును. వార్త వానిలో వడిగా పరుగెత్తును. సన్ననివానిలో తాబేటి నడక. నాడిలో వార్త నడచు వేగమును కొలుచుట మానవునికి ఎన్నటికిని సాధ్యము కాకపోవచ్చునని జర్మను పండితుడు యోహానెస్ ముల్లర్ తలచెను. ఆయన శిష్యుడే యగు హెల్మ్‌హోల్ట్జ్ 1850 లో కప్పకాలి కండను, దాని నాడిని తీసికొని ఆ వేగమును కొలిచి చూపెను. సెకనుకు సుమారు 30 మీటర్లని తేలినది. మన శరీరములో తాకుడు వార్తను మోయు లావు తంతువులు ఇంతకంటెను వేగముగా పోవును. మంటనొప్పిని మోయు అతి సన్నని తంతువులు సెకనుకు ఒక మీటరు మాత్రమే నడచును. గడపకు కాలివ్రేలు కొట్టుకొన్నప్పుడు మొదట "తగిలినది" అని తెలిసి, ఒక క్షణము గడచిన పిమ్మట మంట యెగయుట మీరెరిగినదే. ఆ రెండు వార్తలును ఒకేసారి బయలుదేరినవి, దారులు వేరు.

అమెరికాలో గాసర్, ఎర్లాంగర్ అను ఇరువురు 1929 లో ఇంకొక విశేషమును కనుగొనిరి. నాడిని అదిమినప్పుడు లావు తంతువులు ముందుగా మూగవోవును, సన్ననివి చివరవరకు నిలుచును. కొకైను మందు పెట్టినచో క్రమము తారుమారై సన్ననివే ముందుగా పోవును. ఒకే నాడిలోని తంతువులు ఒకే తీరుగా ప్రవర్తింపవని చూపిన వారి పరిశోధనలకు 1944 సంవత్సరపు నోబెలు బహుమానము లభించినది. గోలీలాడిన పిల్లవానికి నేల తగులుట తెలియక పోయినను, మిత్రుడు గట్టిగా గిల్లినచో "అబ్బా" యనుటకు హేతువు ఇదియే.

ఇక చీమల సంగతి. వింత యేమనగా, కాలు నొక్కుడుపడి యున్నంతసేపు చీమలు అంతగా ప్రాకవు. లేచి కాలు చాచిన పిమ్మటనే అవి పెద్ద యెత్తున బయలుదేరును. నాడితంతువు వార్త నంపవలెనన్న దాని పొరకు లోపలను వెలుపలను సోడియము, పొటాసియము లవణములు తగు పాళ్ళలో నుండవలెను. ఆ పాళ్ళను నిలుపుటకు పొరలో ఒక తోడుయంత్రము రేయింబవళ్ళు పనిచేయుచుండును. దీనిని డెన్మార్కు దేశస్థుడు యెన్స్ స్కౌ 1957 లో పీత కాళ్ళ నాడులలో కనుగొనెను. అందులకు 1997 లో నోబెలు బహుమానమును పొందెను. రక్తము తగ్గినప్పుడు ఈ తోడుటకు శక్తి చాలదు. రక్తము మరల పారగానే యంత్రము జోరుగా తోడసాగును. తంతువు ఒక నిలుకడకు వచ్చులోపల తనంతట తానే వార్తలను విసరును. ఎవరును తాకలేదు, ఏదియు గ్రుచ్చలేదు. కాని మెదడునకు ఆ సంగతి యెట్లు తెలియును? ఆ తంతువు పాదమునుండి వచ్చునది గనుక, పాదముపై చీమలు ప్రాకుచున్నవనియే అది నమ్మును. కావున చీమలు ప్రాకుట కాలు చెడుటకు గురుతు కాదు, నాడి మేలుకొనుచున్నదనుటకు గురుతు.

ఇంతవరకు చెప్పినది కొన్ని నిమిషములలో తీరిపోవు తిమ్మిరి. కాని అన్ని తిమ్మిరులు ఇట్లు తీరవు. గంటల తరబడి గొంతుకూర్చుండి పని చేసినవారిలో కొందరు సాయంకాలము లేచినప్పుడు పాదము పైకి లేవదు. నొప్పి యుండదు. అడుగు వేసినప్పుడెల్ల పాదము ముందుభాగము నేలను రాచుకొనును; అది తగులకుండుటకై మెట్లెక్కువానివలె మోకాలిని పైకెత్తి నడువవలసి వచ్చును. పాదము "టప్పు"మని నేలకు కొట్టుకొనును. చెప్పు కాలిలో నిలువదు. వైద్యులు దీనిని పాదపతన మందురు. 1980 లో అమెరికా వైద్యపత్రిక యొకదానిలో ఇట్టివారిని గూర్చి వ్రాసిన వైద్యులు ఆ వ్యాధికి "స్ట్రాబెరీలు కోయువారి పక్షవాతము" అని పేరు పెట్టిరి. నేలబారుగా పెరుగు ఆ పండ్లను కోయుటకు గొంతుకూర్చుండక తప్పదు. 1971 లో అచ్చటనే మరియొక వైద్యుడు, చాలసేపు మోకాళ్ళు మడచి ఆసనమున కూర్చుండినందున పాదము పడిపోయిన వృత్తాంతమును ప్రకటించెను. మన చేలలో కలుపుతీత పని చేయువారు కూర్చుండు తీరు స్ట్రాబెరీలు కోయువారి తీరువంటిదే. "పొద్దంతయు కూర్చుంటిని, కాలు పట్టినది, రేపటికి పోవును" అనుకొని ఊరకుండుట వారికి సహజము. పాదము లేవకుండుట మాత్రము రేపటివరకు వేచి చూడవలసిన సంగతి కాదు.

ఈ రెండవ విధమైన మొద్దుతనమునకు రక్తము లేకుండుట యొక్కటే కారణము కాదని 1972 లో తేలినది. ఒచోవా, ఫౌలర్, గిల్లియాట్ అను ముగ్గురు లండనులో బబూను కోతుల కాళ్ళకు పట్టీ గట్టిగా బిగించి, పిమ్మట నాడీతంతువులను సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. చెరకుగడకు కణుపులున్నట్లు మయలిను తొడుగునకు నడుమ నడుమ కణుపులు కలవు. వానికి రన్‌వియర్ కణుపులని పేరు. పట్టీ అంచుల క్రింద ఈ కణుపులు తమ చోటినుండి జరిగిపోయినవి. వెదురుగొట్టములోనికి మరియొక గొట్టము దూరినట్లు, ఒక కణుపు మీది తొడుగు ప్రక్క తొడుగులోనికి చొచ్చుకొనిపోయినది. రక్తము మరల పారినంతమాత్రమున ఇది సరిపడదు. తొడుగును శరీరము క్రొత్తగా కట్టుకొనవలెను. అందులకు వారములు పట్టును. మొదటిది దాహము, రెండవది గాయము. మొదట్లో రెండును ఒకే తిమ్మిరిగా తోచుటయే మోసము.

తొడుగు మాత్రమే చెడినదా, లోపలి తంతువే తెగినదా యనునది మరియొక ప్రశ్న. ఈ భేదమును ఆంగ్లదేశపు శస్త్రవైద్యుడు సెడన్ 1943 లో యుద్ధకాలపు గాయములను చూచి విశదపరచెను. తొడుగు చెడినవారు సాధారణముగా పూర్తిగా కోలుకొందురు. తంతువు తెగినచో అది దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగి రావలెను. మోకాలి ప్రక్కనుండి ఒక జానెడు దూరము పోవుటకు ఆరు నెలలకు పైగా పట్టును. ఆ పెరుగుదలను కనిపెట్టుటకు చీమలే సాయపడినవి. మొదటి ప్రపంచయుద్ధములో, 1915 లో, ఫ్రెంచివాడగు టినెల్ గాయపడిన నాడిపై వ్రేలితో తట్టి చూచెను. తట్టినచోట నొప్పి పుట్టక, దిగువను చీమలు ప్రాకినట్లు తోచినచో, అచ్చటివరకు క్రొత్త తంతువు పెరిగినదని గ్రహించెను. ఆ యేడే జర్మనీలో హాఫ్‌మన్ అను వైద్యుడు ఇదియే కనుగొనెను. ఒండొరులతో పోరాడుచున్న రెండు దేశములవారు ఒకరి సంగతి ఒకరెరుగక ఒకే చీమలబారును పట్టుకొనిరి!

ఇది చదివి గుంజిళ్ళకును, వ్యాయామమునకును భయపడనక్కరలేదు. తాలింఖానాలలో పహిల్వానులు వందలకొలది బస్కీలు తీయుదురు; వారికి పాదములు పడిపోవుట లేదు. క్రిందికి దిగిన వెంటనే పైకి లేతురు గనుక నాడిపై నొక్కుడు పడుట, తొలగుట వెంటవెంటనే జరుగుచుండును. ఆ వ్యాయామములో తొడలు మండుట కండల యలసట, నాడీబాధ కాదు. లేచుచు కూర్చుండుట వేరు, కూర్చుండి యుండిపోవుట వేరు. ఈ భేదమునుబట్టి చూచిన, పిల్లలను గంటసేపు కదలకుండ ముంగాళ్ళపై నిలుపు శిక్ష కంటె అర్థము లేనిది మరియొకటి నాకు కనబడదు. మన పల్లెలలోని పెద్దలు గంటలకొలది గొంతుకూర్చుండి ముచ్చటలాడుదురే యందురేమో. వారిని శ్రద్ధతో గమనించుడు. మడమలు నేలకు ఆనించి కూర్చుందురు. నడుమ నడుమ బరువును ఒక కాలినుండి రెండవదానికి మార్చుచుందురు. ఒకప్పుడు ఒక మోకాలు నేలకు దించుదురు. వారి నెవ్వరును అట్లు చేయుమని చెప్పలేదు, దేహమే నేర్పినది. ఆటలోనో పనిలోనో మనస్సు లగ్నమైనవాడే ఈ కదలికను మరచును.

జ్వరముతో చిక్కి శల్యమైనవారికిని, త్వరగా బరువు తగ్గినవారికిని మోకాలి ప్రక్కనున్న క్రొవ్వు తరుగును. వారికి కొద్దిసేపటికే నాడి నలుగును. మధుమేహము గలవారి నాడులు ముందే బలహీనములై యుండును. వారికి రెండు పాదములును మేజోళ్ళు తొడిగినట్లు మొద్దువారుట కలదు. అది కూర్చుండుటవలన వచ్చినది కాదు. కుష్ఠువ్యాధి సంగతి ఇంకను ముఖ్యము. 1873 లో నార్వే దేశమున హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవి దానికి కారణము. అది మోకాలి ప్రక్కనున్న ఈ నాడినే తరచుగా పట్టి లావెక్కించును. దేహముపై పాలిపోయిన మచ్చ యుండి, అచ్చట స్పర్శ లేకున్నచో, దానిని తిమ్మిరియని త్రోసివేయరాదు. నేడు ఆ వ్యాధికి మందులు కలవు. ప్రభుత్వ వైద్యశాలలలో వెల లేకుండ ఇత్తురు. ఆలస్యము చేసినచో వ్యాధి నయమైనను, చెడిన నాడి తిరిగి రాకపోవచ్చును.

కాలికి తిమ్మిరి యెక్కినప్పుడు మొదటి ముప్పు నాడికి కాదు, చీలమండకు. పాదము ఎచ్చట నున్నదో, ఏ వైపు వాలినదో మెదడునకు తెలియదు గనుక అడుగు వంకరగా పడును. రాత్రివేళ మరుగుదొడ్డినుండి లేచిన వృద్ధులు పడి తుంటి ఎముక విరుగగొట్టుకొనుటయు కలదు. బావిగట్టుపైనో, మిద్దెపైనో గొంతుకూర్చున్నవారు లేచినంతనే నడువరాదు. గోడనో స్తంభమునో పట్టుకొని, కాలు చాచి, చీమలు వచ్చి పోవువరకు నిలువవలెను. అవి పోయిన పిమ్మట ఒక చిన్న పరీక్ష చేసికొనవచ్చును. గోడకు చేయి ఆనించి, మడమలపై నిలిచి, రెండు పాదముల ముందుభాగములను పైకెత్తవలెను. రెండును సమముగా లేచినచో మోకాలి ప్రక్కనున్న నాడి తన కండలకు ఆజ్ఞను చక్కగా చేర్చుచున్నది. ఒక పాదము లేచి రెండవది నేలను విడువకున్నచో, అరగంట చూచి, అప్పటికిని లేవకున్నచో ఆనాడే వైద్యునికి చూపవలెను.